పొదుపు చిట్కాలకు కొలతలు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

బడులు తెరిచే జూన్ దగ్గరపడితే చాలు, పత్రికల మహిళా పేజీల్లో తల్లులకు పొదుపు చిట్కాలు వరసగా వస్తాయి. గ్యాస్ పొదుపుగా వాడండి, కూరగాయలు పారేయకండి, బయటి తిండి తగ్గించండి అంటారు. ఇందులో ఏదీ తప్పు కాదు. కానీ ఎంత పప్పుకు ఎన్ని నీళ్లు, ఎన్ని నిమిషాలు, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఎక్కడ చెడుతుంది అన్నవి మాత్రం ఉండవు. ఏడున్నరకల్లా పిల్లల బాక్సులు కట్టి, ఎనిమిదింటికి తానూ బస్సెక్కాల్సిన మనిషికి కొలత లేని సలహా ఎందుకూ కొరగాదు. పైగా పది రూపాయలు మిగలడం కోసం ఆమె మరో గంట పొయ్యి దగ్గర నిలబడాల్సి వస్తే దాన్ని పొదుపు అనకూడదు. డబ్బూ సమయమూ రెండూ మిగిలే పద్ధతులు మన వంటిళ్లలోనే ఉన్నాయి. వాటిని కొలతలతో సహా రాస్తున్నాం, వీలైనంత వరకు వేయగలరు.

కుక్కర్‌తో మొదలుపెడతాం. చాలా ఇళ్లలో పప్పు ఒకసారి, అన్నం ఒకసారి, బంగాళాదుంప ఇంకోసారి పెడతారు. మూడుసార్లు కుక్కర్ వేడెక్కాలి, మూడుసార్లు చల్లారాలి. నలుగురున్న ఇంట్లో అయిదు లీటర్ల కుక్కర్, అందులో ఒకదానిపై ఒకటి పట్టే రెండు గిన్నెలు ఉంటే ఒక్కసారితో పని అయిపోతుంది. అడుగున రెండు గ్లాసుల నీళ్లు పోయాలి. కింది గిన్నెలో అర గ్లాసు కందిపప్పు, గ్లాసున్నర నీళ్లు. దాని మీద చిన్న ప్లేటు మూత. పై గిన్నెలో గ్లాసున్నర బియ్యం, మూడు గ్లాసుల నీళ్లు. దుంపలుంటే గిన్నెల పక్కన అడుగు నీళ్లలోనే పడేయొచ్చు. పెద్ద మంట మీద పెట్టి, వెయిట్ మొదటిసారి లేవగానే సిమ్‌లోకి తగ్గించి పది నిమిషాలు ఉంచి కట్టేయాలి. ఆ తర్వాత ఇంకో పది నిమిషాలు మూత తీయకూడదు. మిగతా ఉడుకు ఆ పది నిమిషాల్లోనే, గ్యాస్ లేకుండా జరుగుతుంది. తొందరపడి వెయిట్ ఎత్తి ఆవిరి వదిలేస్తే అన్నం పైన పలుకు మిగులుతుంది, పప్పు పొంగి పై గిన్నెలోకి వస్తుంది.

విజిళ్లు లెక్కపెట్టే అలవాటు మాత్రం మానాలి. వత్తిడి నిండాక కుక్కర్ లోపలి వేడి సుమారు 120 డిగ్రీల దగ్గర నిలిచిపోతుంది. మంట ఎంత పెంచినా అంతకు మించి పెరగదు. పెరిగేది మోత ఒక్కటే, బయటికి పోయే ఆవిరంతా మనం డబ్బు పెట్టి కాచిన నీళ్లే. అడుగున నీళ్లు రెండు గ్లాసులకన్నా తక్కువైతే, మంట పెద్దదిగా ఉంటే, పది నిమిషాలయ్యేలోపే అడుగు ఎండి సేఫ్టీ వాల్వ్ ఎగిరిపోయే ప్రమాదం ఉంది. మూత అంచు నుంచి ఆవిరి కారుతుంటే గాస్కెట్ సాగిందన్నమాట. చన్నీళ్లలో కాసేపు వేసి పెడితే ఆ పూటకు గట్టిపడుతుంది గాని, వారంలో కొత్తది కొనాల్సిందే. వెయిట్ కూర్చునే గొట్టంలో పప్పు నురుగు ఎండి అడ్డుపడకుండా, కడిగిన ప్రతిసారీ వెలుతురుకు ఎత్తిపట్టి రంధ్రంలోంచి చూడాలి. అడ్డుంటే పుల్లతో తీయాలి. ఈ ఒక్క పని చేయకపోవడం కుక్కర్లు పేలడానికి ఒక ముఖ్య కారణం.

పప్పు ఉడకడం లేదని చాలామంది వంటసోడా వేస్తారు. సోడా వేస్తే పప్పు మెత్తబడే మాట నిజమే, కానీ బి1 విటమిన్ పోతుంది. ఉడకకపోవడానికి అసలు కారణాలు మూడు. పప్పు పాతబడి ఉండాలి, లేదా బోరు నీళ్లు బరువుగా ఉండాలి, లేదా చింతపండో టమాటానో ముందే వేసి ఉండాలి. బరువు నీళ్లలోని కాల్షియం, పులుపు, ఈ రెండూ గింజ మెత్తబడకుండా అడ్డుకుంటాయి. అందుకే పప్పు నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ తాగేనీళ్లే వాడాలి, పులుపు ఉడికాకే వేయాలి. పొయ్యి వెలిగించడానికి అరగంట ముందు పప్పు కడిగి నీళ్లలో వేసి పెడితే చాలు. శనగలు, రాజ్మా, బొబ్బర్లు మాత్రం రాత్రంతా నానాలి, వాటికి అరగంట సరిపోదు.

గ్యాస్ బండ విషయంలో ఇంటికి తెచ్చినప్పుడే చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఇంటి సిలిండర్‌లో ఉండాల్సిన గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది. రెండూ కలిపితే తూకంలో ఎంత రావాలో తెలుస్తుంది. తెచ్చినవారి దగ్గర తూకం యంత్రం ఉండాలి, తూచమని అడగడం మన హక్కు. అలాగే పైన పిడికి లోపలివైపు పరీక్ష గడువు ఉంటుంది, ఒక ఇంగ్లిషు అక్షరం, పక్కన రెండంకెలు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. బి-28 అని ఉంటే 2028 జూన్ వరకు గడువు. గడువు దాటిన బండ ఇస్తే తీసుకోనక్కర్లేదు. పొయ్యికీ రెగ్యులేటర్‌కీ మధ్యనుండే గొట్టాన్ని అయిదేళ్లకోసారి మార్చాలి. గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల వెలిగించి చూడకూడదు, స్విచ్చులు వేయకూడదు, తీయకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి 1906కు ఫోన్ చేయాలి. గ్యాస్ గాలికన్నా బరువైనది, నేలమట్టాన పేరుకుంటుంది కాబట్టి కిటికీ ఒక్కటి తెరిస్తే చాలదు, వీధి తలుపూ తీయాలి.

మంట పసుపుగా వస్తూ గిన్నెల అడుగు మసిబారుతుంటే గ్యాస్ పూర్తిగా మండటం లేదని అర్థం. బర్నర్ తీసి సబ్బునీళ్లలో నానబెట్టి, సన్నని తీగతో రంధ్రాలు శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. తడి ఉండగా పెడితే మళ్లీ పసుపు మంటే వస్తుంది. గిన్నె అంచులు దాటి పైకి లేచే మంట ఇల్లు వేడెక్కడానికే తప్ప వంటకు రాదు. కొత్త బండ పెట్టిన తేదీని క్యాలెండర్ మీద రాసుకుంటే మూడు బండలయ్యేసరికి మన ఇంటికి ఒకటి ఎన్ని రోజులు వస్తుందో తెలిసిపోతుంది. అంతకు వారం ముందే అయిపోతే ఎక్కడో కారుతోందనో, బర్నర్ చెడిందనో అనుమానించాలి. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 పథకం కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు నాలుగు నెలలకొకటి చొప్పున ఉచితం. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద అర్హులకు 500 రూపాయలకే సిలిండర్. రెండు చోట్లా ముందు పూర్తి ధర కట్టాలి, డబ్బు తర్వాత ఖాతాలో పడుతుంది. పడకపోతే ముందు చూడాల్సింది ఈ-కేవైసీ అయిందా, ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు కలిసి ఉందన్నది. రెండు మూడు ఖాతాలున్నవారి డబ్బు ఎప్పుడూ తెరిచి చూడని పాత ఖాతాలోకి వెళ్తుంటుంది.

ఇక ఇడ్లీపిండి. వారంలో మూడు ఉదయాలను గట్టెక్కించేది ఇదే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒక గ్లాసు మినపగుళ్లు, రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ, అర చెంచా మెంతులు. గుళ్లూ మెంతులూ నాలుగు గంటలు నానితే సరిపోతుంది, రాత్రంతా నానితే పిండి పొంగు తగ్గుతుంది. రవ్వను రెండుసార్లు కడిగి నానబెట్టి, రుబ్బు అయ్యాక చేత్తో గట్టిగా నీళ్లు పిండేసి కలపాలి. మిక్సీలో రుబ్బేవారు ఫ్రిజ్ నీళ్లు పోయాలి. జార్ వేడెక్కితే పిండి పులవడానికి కావాల్సిన సూక్ష్మజీవులు దెబ్బతిని మర్నాడు పొంగదు. నీళ్లు ఒకేసారి కాక రెండేసి చెంచాలు చల్లుతూ పోవాలి. రుబ్బు సరిపోయిందో లేదో తెలియాలంటే గిన్నెడు నీళ్లలో చిన్న ఉండ వేయండి, తేలితే చాలు, మునిగితే ఇంకా గాలి పట్టాలి. రవ్వ చేత్తో కలిపి, గిన్నె సగానికి మించకుండా పోసి మూతపెట్టాలి. వేసవిలో అయిదారు గంటలు, మామూలు రోజుల్లో ఎనిమిది, డిసెంబరు చలిలో పన్నెండు గంటలు. చలికాలం గిన్నెను అప్పుడే వంటయిన పొయ్యి పక్కన దుప్పటి చుట్టి పెట్టినా, మూసిన ఓవెన్‌లో లైటు వేసి పెట్టినా పొంగుతుంది.

తప్పు జరిగేది ఎక్కువగా ఆ తర్వాతే. పొంగిన పిండిని మొత్తం కలియబెట్టి, అదే గిన్నెలోంచి నాలుగు రోజులు తీస్తుంటారు. కలిపిన కొద్దీ గాలి పోయి ఇడ్లీ చప్పబడుతుంది, గిన్నె బయట ఉన్న ప్రతి పావుగంటకూ పులుపు ఎక్కుతుంది. పొంగగానే కలపకుండా గరిటెతో రెండు మూడు డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏ రోజు డబ్బా ఆ రోజు తీయాలి, ఉప్పు కూడా ఆ డబ్బాకే వేసుకోవాలి. మొదటి రెండు రోజులు ఇడ్లీ, మూడో రోజు ఉల్లిపాయ వేసి ఊతప్పం, నాలుగో రోజు సాయంత్రం మిగిలిందానిలో కాస్త బియ్యప్పిండి కలిపి పునుగులు. అయిదో రోజుకు ఉంచొద్దు. ఇడ్లీ గట్టిగా వస్తే మినపగుళ్లు పాతవి, లేదా రవ్వ ఎక్కువైంది. అప్పచ్చిలా చదునుగా వస్తే నీళ్లు ఎక్కువయ్యాయి. పిండి పొంగని రోజు సోడా వేయడం కన్నా దాన్ని దోసెలకు వాడేయడం మంచిది. పిండి లేని రోజుకు పెసరట్టు ఉండనే ఉంది. రాత్రి నానేసిన పెసలు ఉదయం అల్లం, పచ్చిమిర్చితో రుబ్బితే చాలు, పులవాల్సిన పని లేదు.

చింతపండు గుజ్జు తీసి పెట్టుకుంటే రోజూ పావుగంట కలిసొస్తుంది. గింజ తీసిన పావుకిలో చింతపండును మూడు గ్లాసుల వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, పిండి, వడకట్టి, రెండు చెంచాల ఉప్పు, చిటికెడు పసుపు వేసి స్టీలు గిన్నెలో చిక్కబడేదాకా ఉడికించాలి. అల్యూమినియం గిన్నె వాడకూడదు, పులుపుకు లోహం దిగుతుంది. పూర్తిగా చల్లారాక గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే నెలరోజులు ఉంటుంది, తడి చెంచా పెట్టనంత వరకు. అల్లంవెల్లుల్లి ముద్దను నూనె, ఉప్పు వేసి రుబ్బినా బయట ఉంచకూడదు. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లి గాలి తగలకుండా బయట ఉంటే ప్రాణాంతకమైన విషం తయారయ్యే అవకాశం ఉంది. వారానికి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది ఐసు ట్రేలో గడ్డకట్టించి డబ్బాలో వేసుకోవాలి.

కందిపొడి డబ్బా ఉన్న ఇంట్లో కూర లేని పూట హోటల్‌కి ఆర్డర్ పెట్టాల్సిన అవసరం రాదు. గ్లాసు కందిపప్పు, పది ఎండుమిర్చి, చెంచా జీలకర్ర. పప్పును సన్నని సెగన ఎర్రబడేదాకా, మధ్యలో వదిలి వెళ్లకుండా వేయించాలి. వేడిమీద మిక్సీ పడితే ఆవిరి పట్టి ఉండలు కడుతుంది, పదిహేను రోజులకే వాసన వస్తుంది. చల్లారాక ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి పొడి కొట్టాలి. నెలపైన ఉంచాలనుకుంటే వెల్లుల్లి మానేయాలి. పల్లీపొడి, నువ్వులపొడి మాత్రం పదిహేను రోజులకు సరిపడానే చేసుకోవాలి, నూనెగింజలు త్వరగా ముక్కవాసన పడతాయి.

కూరగాయల్లో ధరకన్నా వండే వరస ముఖ్యం. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లలో బోర్డు మీద ధరలు రాసి ఉంటాయి, అక్కడ కొనడం ఎలాగూ మేలే. కానీ చవగ్గా దొరికాయని వారానికి తెచ్చిన ఆకుకూరలు గురువారానికి కుళ్లితే ఆ చవక ఎక్కడిది? ఆదివారం తెచ్చుకుంటే తోటకూర, పాలకూర, గోంగూర ఆ రోజూ మర్నాడే వండేయాలి. మంగళ, బుధవారాల్లో బెండ, వంకాయ, బీర. ఆ తర్వాత సొర, దోస, క్యారెట్. చివరికి కంద, చేమ, గుమ్మడి. బెండకాయ తడిస్తే రెండో రోజే జిగురు కడుతుంది, కడగకుండా కాగితంలో చుట్టి పెట్టాలి. కొత్తిమీర వేళ్లు కత్తిరించి, కడగకుండా, పొడి నూలు గుడ్డలో చుట్టి డబ్బాలో వేయాలి. పచ్చిమిర్చి తొడిమలు తీసేస్తే రెండు వారాలు నిలుస్తాయి, కుళ్లు తొడిమ దగ్గరే మొదలవుతుంది. ఉల్లి, బంగాళాదుంప ఒకే బుట్టలో పెడితే రెండూ తొందరగా పాడవుతాయి. వెలుతురు తగిలి ఆకుపచ్చగా మారిన బంగాళాదుంపను పిల్లలకు పెట్టకూడదు.

ఏడాది సరుకు ఒకేసారి కొనడం మన పెద్దల పద్ధతి. కొత్త కంది సంక్రాంతి తర్వాత, కొత్త మిర్చి, చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు అంగడికి వస్తాయి, అప్పుడు ధర దిగుతుంది. అయితే ఎండబోసే మిద్దె లేని అపార్టుమెంటు వాళ్లు పది కిలోల పప్పు కొని పురుగు పట్టించుకునేకన్నా రెండు నెలలకు సరిపడా కొనడం మేలు. ఎండబెట్టగలిగితే రెండు ఎండలు చూపించి, నీడలో పూర్తిగా చల్లార్చాకే డబ్బాకెత్తాలి. వేడిమీద మూతపెడితే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. కిలో పప్పుకు చెంచా ఆముదం పట్టించి నిలవ చేసే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది, వండేముందు వేడినీళ్లతో కడిగితే సరి. కొందరు బియ్యంలో పురుగు రాకుండా బోరిక్ పౌడర్ కలుపుతున్నారు. అది విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు ఉండకూడదు. వేపాకు, ఎండుమిర్చి చాలు. ఉప్మారవ్వ, శనగపిండి వంటివి వేయించి పెట్టుకోవాలి, లేదా ఫ్రిజ్‌లో ఉంచాలి.

ప్యాకెట్లు కొనేటప్పుడు రూపాయలు చూడకుండా గ్రాములు చూడాలి. ఎమ్మార్పీ పక్కన గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది, పోల్చాల్సింది ఆ అంకెనే. నూనె ప్యాకెట్‌దీ అదే కథ. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే కాస్త చవగ్గా కనిపించే ప్యాకెట్ 850 గ్రాములో 800 గ్రాములో ఉండొచ్చు. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోనక్కర్లేదు, షాంపూలో చాలాసార్లు రూపాయి సాషేలే సీసాకన్నా చవగ్గా పడతాయి. పాలలో టోన్డ్ పాలకు 3 శాతం వెన్న, వెన్న తీయనివాటికి 6 శాతం. మాంసకృత్తుల్లో పెద్ద తేడా లేదు. టీకి, పెరుగుకు టోన్డ్ వాడి, అయిదేళ్లలోపు పిల్లల గ్లాసుకు మాత్రం చిక్కటి పాలు ఉంచుకుంటే నెలకు ఖర్చు తగ్గుతుంది.

ఇంటి బడ్జెట్‌కు కనపడకుండా చిల్లు పెట్టేది సాయంత్రం అయిదింటి ఆకలి. బడి నుంచి వచ్చిన పిల్లలకు తినడానికి ఏమీ లేకపోతే పది రూపాయల చిప్స్ ప్యాకెట్ తెస్తారు. అందులో 25 గ్రాములుంటే కిలో 400 రూపాయలు పెట్టి కొన్నట్టు. శనివారం రాత్రి పావుకిలో శనగలు నానబెట్టి, ఆదివారం కుక్కర్‌లో ఉప్పు వేసి ఉడికించి, నీళ్లు వంపి డబ్బాలో పెడితే మూడు రోజులు గుగ్గిళ్లకు సరిపోతాయి. అప్పటికప్పుడు పోపు వేస్తే అయిదు నిమిషాల పని. పావుకిలో వేయించిన పల్లీలకు రెండు వందల గ్రాముల బెల్లం పాకం పడితే వారానికి సరిపడా పట్టీ తయారు. పాకం నీళ్లలో వేస్తే గట్టిగా విరగాలి, సాగితే పట్టీ పళ్లకు అంటుకుంటుంది. బలం వస్తుందని డబ్బాలు డబ్బాలు కొనే పాలపొడుల బదులు రాగులు మేలు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రెండు చెంచాల రాగిపిండిని ముందు చన్నీళ్లలో కలిపి, మరుగుతున్న గ్లాసు నీళ్లలో పోసి, అయిదు నిమిషాలు తిప్పుతూ ఉడికించాలి. పిండిని నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. పెద్ద పిల్లలకు మజ్జిగతో, చిన్నవాళ్లకు పాలు, బెల్లంతో.

రాత్రి మిగిలిన అన్నం సంగతి జాగ్రత్త. పొయ్యి మీదే గిన్నెలో తెల్లవార్లూ ఉంచి, పొద్దున్నే పులిహోర కలిపి బాక్సులో పెడితే వాంతులు పట్టుకునే ప్రమాదం ఉంది. వండిన అన్నం గోరువెచ్చగా ఎక్కువసేపు ఉంటే అందులో పెరిగే బ్యాక్టీరియా విడిచే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. లేదా పెద్దలు చేసినట్టు, రాత్రే నీళ్లో మజ్జిగో పోసి చద్దన్నం చేయాలి, ఆ పులుపు చెడుపు పెరగకుండా కొంత అడ్డుపడుతుంది.

పిల్లలకు విరేచనాలైతే కొన్న పండ్లరసం డబ్బాలతో డబ్బు పోవడమే కాదు, చక్కెర ఎక్కువై నీళ్ల విరేచనాలు పెరుగుతాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెం వేస్తే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటల తర్వాత పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా తీసి వేయాలి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకున్న తీపి పానీయాలను నమ్మొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల పేరులో ఆ మాట ఉండకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడితే వచ్చిన ఆదేశమది. బిడ్డ మగతగా ఉన్నా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఎప్పుడూ వాడే బీపీ, షుగరు మాత్రలకు జనరిక్ పేరు రాయించుకుంటే జన ఔషధి దుకాణంలో అదే మందు చాలా తక్కువకు వస్తుంది.

కరెంటు గురించి క్లుప్తంగా. తెలంగాణలో గృహజ్యోతి పథకం వర్తించేవారికి నెలకు 200 యూనిట్లలోపయితే బిల్లు సున్నా. దాటితే మొత్తం కట్టాల్సిందే. అంటే రోజుకు ఆరున్నర యూనిట్లు. మీటరు రీడింగ్ తీసిన రోజున అంకె రాసుకుని, పదిహేనో రోజున మళ్లీ చూస్తే జాగ్రత్త పడటానికి ఇంకా సగం నెల ఉంటుంది. రెండు వేల వాట్ల గీజర్ అరగంటకు ఒక యూనిట్ లాగుతుంది. 75 వాట్ల పాత ఫ్యాను బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు దాదాపు 16 యూనిట్లు మిగులుతాయి. అన్ని గదులకూ ఒకేసారి మార్చనక్కర్లేదు, రాత్రంతా తిరిగే పడకగది ఫ్యానుతో మొదలుపెట్టాలి. బడి ఖర్చుకు జూన్‌లో అప్పు చేయకుండా, కిందటేడు జూన్‌లో ఎంతయిందో పన్నెండుతో భాగించి నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయాలి. యూనిఫాం ఒక సైజు పెద్దది కొని అంచు లోపలికి మడిచి కుట్టించుకుంటే మరుసటి ఏడాదికీ వస్తుంది. బూట్లు మాత్రం అలా పెద్దవి కొనొద్దు, పిల్లల కాళ్లు బొబ్బలెక్కుతాయి. నోటుపుస్తకాలకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, బిల్లులో పన్ను వేస్తే అడగాలి.

ఇన్ని చెప్పాక ఒక చోట మాత్రం పొదుపు వద్దంటున్నాం. అది తల్లి కంచం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అందరూ తిన్నాక మిగిలిందే తినే అలవాటు దీనికి ఒక కారణం. గుడ్లు లెక్కగా ఉడికించినప్పుడు ఆమె గుడ్డు కూడా ఆ లెక్కలో ఉండాలి, ఆకుకూర పప్పు వడ్డించేటప్పుడు ఆమె వాటా ముందే వేరు గిన్నెలో తీసి పెట్టాలి. పప్పన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అది చాలావరకు వృథా, కనీసం గంట ఆగాలి.

మీకు రెండు విన్నపాలు. ఇలాంటి చిట్కాలను మహిళా పేజీకి పరిమితం చేయకండి, ఆదివారం అనుబంధంలో ఇంటిల్లిపాదీ చదివే చోట వేయండి. సిలిండర్ తూకం చూసుకోవడం, శనివారం రాత్రి శనగలు నానేయడం, ఆదివారం మినపగుళ్లు నానేసి పిండి రుబ్బడం, రైతుబజారుకు వెళ్లి రావడం నాన్నలు చేయగల పనులే. చేసేవారు సగం కాకుండా, ఏ సరుకు అయిపోవస్తోందో చూసుకోవడంతో సహా పూర్తిగా తీసుకోవాలి. చీటీ రాసిచ్చి గుర్తుచేసే బాధ్యత మళ్లీ ఆమెదే అయితే పని తగ్గినట్టు కాదు. రెండోది, రైతుబజారు ధరలు వేసేటప్పుడు ఈ వారం ధర పక్కనే కిందటి వారం ధర కూడా వేయండి. ఏ కూర దిగుతోందో, దేన్ని ఇంకో వారం ఆగి కొనొచ్చో బజారుకు బయల్దేరే ముందే తెలుస్తుంది.

— కొందరు గృహవిజ్ఞాన అధ్యాపకులు,
గుంటూరు